బయటి గొళ్లెం

గిద్దలూరును కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపాక, సగిలేరు మొదటిసారి ఊళ్లోకి వచ్చిన ఏడాది అది. ఆ ఉదయం మాత్రం ఉత్త ముసురే. వెంకటరామయ్య జొన్నరొట్టె తిని, చేయి కడుక్కుని, దుకాణానికి బయలుదేరాడు.

నీటికాసుల జబ్బుతో ఆయన భార్య కోటిరత్నం చూపు పోయి రెండేళ్లయింది. పొయ్యి పని, దొడ్లో బావి పని తడుముకుంటూ తనే చేసుకునేది. ఒకసారి వీధిలో ఎద్దుబండికి అడ్డం పోయింది. అప్పటి నుంచి ఆయన బయట గొళ్లెం పెట్టి తాళం వేసి పోతున్నాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు.

“ఈ పొద్దన్నా తాళం వెయ్యబాకయ్యా,” అంది కోటిరత్నం.

“పడతావు.”

“పడితే లేస్తా. ఎదురింటి షాహిదాబీ కాడ కాసేపు కూసోని వస్తా. ఈ గోడలకు నా కతలన్నీ నోటికొచ్చినాయి.”

ఆయన తలుపు దగ్గరగా లాగాడు. తాళం పడిన చప్పుడు ఆమెకు వినిపించింది.

మధ్యాహ్నానికి ఏరు పొంగింది. దుకాణంలోకి నీళ్లు రావడం చూసి వెంకటరామయ్య బియ్యం బస్తాలు, బెల్లం బుట్టలు అటక ఎక్కించాడు. ఇంటిదాకా రావులే అనుకున్నాడు. ఆఖరి బస్తా ఎత్తి బయటికి దిగేసరికి మొలలోతు. తన వీధిలో రొమ్ములోతు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గొళ్లెం ఊడి వేలాడుతోంది. లోపల మంచం నీళ్లమీద తేలుతోంది, మనిషి లేదు.

“ఈడుంది, పైకి రా అన్నా,” ఎదురింటి మిద్దె మీద నుంచి షాహిదాబీ పిలిచింది.

కోటిరత్నం పిట్టగోడకు ఆనుకుని వణుకుతోంది. తలుపు గీరి గీరి గోళ్లు చిట్లి నెత్తురు కారుతోంది.

“రోకలితో పగలగొట్టినా,” అంది షాహిదాబీ. “ఏం మనిషివన్నా నువ్వు? నీళ్లొస్తే గొడ్డుకు గూడా తాడు విప్పుతారే.”

ఆయన తలొంచుకుని భార్య పక్కన కూర్చున్నాడు.

“నీళ్లు దొడ్డి తట్టు నుంచి వస్తాండాయని చప్పుడుతోనే తెలిసింది నాకు,” అంది కోటిరత్నం. “నడిచి తలుపుదాకా వచ్చినా. ఎదురిల్లే గదా, ఎవురి చెయ్యీ పట్టకుండా పోయేదాన్ని. లాగితే రాలేదు.”

“నీకేమన్నా అవుతాదని...”

“అయింది గదయ్యా. నువ్వు పెట్టినచోటే అయింది.” మళ్లీ అంది, “నువ్వు యాడుంటివి?”

ఆయన చేయి మొలతాడుకున్న తాళంచెవి మీద పడింది.

“బస్తాలు ఎక్కిస్తా ఉంటి.”

ఆమె తడిమి ఆయన భుజం మీద చేయి వేసింది. ఆ భుజం ఎగిరెగిరి పడుతోంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవడం ఆమె ఎరగదు. చేయి మాత్రం తీయలేదు.

మర్నాటికి నీళ్లు తీశాయి. వీధంతా పిక్కలోతు బురద. కోటిరత్నం తట్ట చంకన పెట్టుకుని, “షాహిదాబీ ఇంట్లో బురద ఎత్తిపొయ్యాల, పోతాండా,” అని అరుగు దిగింది.

వెంకటరామయ్య చేయి ఆమె రెక్కదాకా పోయి వెనక్కి వచ్చింది.

“కుడికి రా,” అన్నాడు. “ఎడం పక్క నీళ్లకు కొట్టుకొచ్చిన బండికాడి పడుంది.”

ఆమె కుడికి జరిగింది. కాలు జారి మోకాలి మీద పడింది. ఆయన అరుగు అంచుదాకా వచ్చి ఆగాడు. ఆమె బురదలో చేయి ఆనించి లేచి, తట్ట వెతికి పట్టుకుంది.

“ఆ కాడి దాటినానా?” అని అడిగింది.

“దాటినావు, ఇంగ నేరుగా పో,” అని ఆయన చెప్పాడు. అరుగు మాత్రం దిగలేదు.