తారాతరణి కొలతలు

పిల్లలూ, తెలివితక్కువ రాజ్యాలు లోకంలో చాలానే ఉన్నాయి కాని, విరూపదుర్గాన్ని మించినది నాకు కనపడలేదు. ఆ రాజ్యంలో తలుపు బిగించడానికి గాని, నాగలి చెక్కడానికి గాని ఒక్క వడ్రంగి మిగలలేదు. తొంభైతొమ్మిది మంది పనివాళ్లు కొయ్యబొమ్మలైపోయి, దీర్ఘనఖుడనే రాక్షసుడి గుహలో గూళ్లలో వరసగా నిలబడి ఉన్నారు.

ఇందుకు కారణం యుద్ధమో కరువో అయితే కాస్త మర్యాదగా ఉండేది. కారణం ఒక ఆటబొమ్మ. పూర్వం ఆ దేశంలో ఒక నాటకం ఆడేవారు. అందులో తారాతరణి అనే ఓడ చుక్క నుంచి చుక్కకు ఎగిరిపోయేది. అలాంటి ఓడ ఎక్కడా లేదు, ఎన్నడూ లేదు, ఒట్టి కల్పన. చిన్నతనంలో ఆ నాటకం చూసిన దీర్ఘనఖుడికి మాత్రం దాని పిచ్చి పట్టుకుంది. "తారాతరణికి వెంట్రుకవాసి తేడా లేని బొమ్మ తెచ్చినవారికి నా గుహలోని రత్నాలన్నీ ఇస్తాను, వారి ముందు నా మాయలన్నీ వీగిపోవుగాక! తేడా ఉంటే తెచ్చినవాడే కొయ్యబొమ్మ అవుగాక!" అని అగ్నిసాక్షిగా శపథం చేశాడు.

రత్నాలనగానే మకరకేతు మహారాజుకు నోరూరింది. ఒకరి తరువాత ఒకరుగా పనివాళ్లను గుహకు పంపాడు. తాను మాత్రం కోట గుమ్మం దాటలేదు. చివరకు రాక్షసుడు విసిగిపోయి, "అమావాస్యలోగా సరైన బొమ్మ రాకపోతే ఈ తొంభైతొమ్మిదింటినీ పొయ్యిలో పెడతాను" అని కబురు పంపాడు.

ఆ తొంభైతొమ్మిదో బొమ్మ ఓబన్న. తల్లీతండ్రీ లేని చెంగల్వను చేతులమీద పెంచిన అన్న అతడు. చెంగల్వకు పదహారేళ్లు; ఉలి పట్టుకుంటే అన్నకు తీసిపోదు, నోరు తెరిస్తే ఊరంతా సర్దుకుని కూర్చుంటుంది. అమావాస్య పదిహేను రోజులుందనగా ఆమె పనిముట్లు మూటకట్టుకుని నేరుగా రాజసభకు వెళ్లింది.

అక్కడ ప్రమాణభట్టు, సూక్ష్మశర్మ అనే ఇద్దరు పండితులు కొట్టుకుంటున్నారు. తారాతరణికి కిటికీలు ఇరవైమూడని ఒకడు, ఇరవైనాలుగని మరొకడు. పనివాళ్లందరికీ కొలతలు ఇచ్చినది ఈ మహానుభావులే. ఓడ ముక్కున ఉన్న ఏడు గుంటలు సప్తవాయువుల ముఖాలని, ఏడోదానికి చిల్లు ఉండటం పరమ రహస్యమని ప్రమాణభట్టు మూడు అధ్యాయాలు రాశాడు. చిల్లు లేనేలేదని సూక్ష్మశర్మ ఆరు రాశాడు.

"అయ్యా, ఆ నాటకం మీలో ఎవరు చూశారు?" అని అడిగింది చెంగల్వ.

"చూడటమా! నాటకాలు చూసేది అలగా జనం. మేం శాస్త్రం చదివాం," అన్నాడు ప్రమాణభట్టు.

"మరి ఆ ఓడ చేసిందెవరు?"

"ఎవడో వడ్రంగి. సిద్ధయ్యట. అడవిలో పడి సన్యాసం పుచ్చుకున్నాడట. వాడితో మనకేం పని?"

చెంగల్వ వాళ్లను ఎగాదిగా చూసింది. "తొంభైతొమ్మిది మందిని పొయ్యిలోకి తోసి, చేసినవాడితో పని లేదంటారా? మీ గడ్డాలకు పెట్టే నూనె కూడా దండగే," అని చక్కా బయటికి వచ్చింది.

అడవిలో మూడు రోజులు నడిచాక ఒక లోయ అడ్డం వచ్చింది. దాని అంచున రెండు తలల గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. "ఆగు! తారాతరణితో పోటీపడి ఎగిరినదాన్ని నేను. నాకు దణ్ణం పెట్టనిదే ఎవరూ ఈ లోయ దాటలేరు," అంది కుడితల. "మేమే గెలిచాం," అంది ఎడమతల.

"నాటకంలో ఓడతో పోటీపడ్డావా? అయితే తెర చించుకుని వెళ్లావా, తాళ్ల మధ్య దూరి వెళ్లావా? రెండు తలలుండి రెండూ ఇంత బోలుగా ఉన్నాయేం?" అంది చెంగల్వ.

ఇన్నేళ్లుగా ఆ గొప్పలు విని దణ్ణాలు పెట్టినవాళ్లే గాని, ఇలా నిలదీసినవాళ్లు లేరు. గండభేరుండం రెండు తలలూ దించుకుంది. "ఎవరికీ చెప్పకమ్మా," అని బతిమాలి, ఆమెను వీపున ఎక్కించుకుని లోయ దాటించి, సిద్ధయ్య ఆశ్రమం ముందు దించింది.

సిద్ధయ్య ముని ముసలివాడైపోయాడు. చెంగల్వ కథంతా చెప్పి, "తాతా, ఆ ఓడ ఇంకా ఉందా?" అని అడిగింది. ఆయన అటక మీద నుంచి మూడు మూరల కొయ్య ఓడను దింపి దుమ్ము దులిపాడు. చెంగల్వ ఏడు వాయుముఖాలకేసి చూసి నోరు వెళ్లబెట్టింది.

"ఇది పొంగణాల పెనం కదూ!"

"మా ఆవిడదే. నాటకం రేపనగా ఓడ బోసిగా కనిపించింది. ఇంట్లో ఏది దొరికితే అది మేకు కొట్టి బిగించాను. ఇదిగో, ఇది చిల్లుల గరిటె, ఆ స్తంభం కవ్వం. పెనానికి చిల్లు పడింది గనకనే ఆవిడ ఇచ్చింది," అన్నాడు ముని.

చెంగల్వ మొదట పడీపడీ నవ్వింది. తరువాత ఆమెకు ఒళ్లు మండిపోయింది. చిల్లు పడ్డ పెనం మీద తొమ్మిది అధ్యాయాలు! ఆ అధ్యాయాలు నమ్ముకుని వెళ్లి అన్న కొయ్యైపోయాడు. కోపంగా ఓడను అటు తిప్పింది. ఎడమవైపు ఏమీ లేదు. చిత్రిక కూడా పట్టని పచ్చి చెక్క, వంకర మేకులు, పట్టుకుని నడిపించడానికి ఒక పిడి, అంతే.

"తాతా, ఈ పక్క?"

"ఆ పక్క ఎవడు చూశాడమ్మా? ఓడ ఎప్పుడూ ఒకే దిక్కుకు పోయేది. జనానికి కనపడేది కుడిపక్కే."

చెంగల్వ ఆశ్రమంలోనే ఏడు రోజులు కూర్చుని, మూరకు బెత్తెడు చొప్పున తగ్గించి బొమ్మ చెక్కింది. పెనంలో చిల్లు పెట్టింది, వంకర మేకులు అదే వంకరతో కొట్టింది. ఎడమవైపును ఉన్నదున్నట్టుగా బోసిగా వదిలేసింది. అమావాస్య ఉదయానికి గుహ చేరింది.

"ఇంకో ఏబ్రాసి వచ్చిందా!" అని దీర్ఘనఖుడు బొమ్మ లాక్కుని తన గోళ్లతో కొలవసాగాడు. కొలుస్తున్నకొద్దీ గొంతు మారిపోయింది. "ఆ చిల్లు! నేను చూసిన చిల్లు! కిటికీలు పంతొమ్మిదే... అవును, పంతొమ్మిదే!" కళ్లు తుడుచుకుని బొమ్మను అటు తిప్పాడు. మరుక్షణం గుహ అదిరేలా అరిచాడు.

"ఎడమవైపు ఏదే?"

"లేదు."

"లేకపోవడమేమిటి? ఇంతమంది చేసినవన్నీ నేను తప్పన్నది రెండువైపులా చూసే!"

"నువ్వు చూశావా?" అంది చెంగల్వ నడుం మీద చేతులు పెట్టుకుని. "నాటకంలో ఏనాడైనా ఆ ఓడ ఎడమపక్క చూశావా? చూడనిదానికి కొలతలు అడిగి మనుషుల్ని కొయ్యలు చేశావా? కోరలున్నాయి గాని, నీకూ ఆ గడ్డాల పండితులకూ తేడా ఏముందిరా?"

"నువ్వూ కొయ్యబొమ్మవు అయిపో!" అంటూ రాక్షసుడు గోటితో ఆమె నుదురు తాకాడు. ఆ గోరు పుటుక్కున విరిగి కింద పడింది. బొమ్మలో వెంట్రుకవాసి తేడా లేదు. అతడు ఒప్పుకున్నా మానినా శపథం తన పని తాను చేసుకుపోయింది. గూళ్లలో కదలిక మొదలైంది. ఒకడు తుమ్మాడు, ఒకడు దగ్గాడు. చివరి గూట్లోంచి ఓబన్న దభాలున కింద పడ్డాడు. చెంగల్వ పరుగున వెళ్లి అన్నను వాటేసుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఏడవనంత ఏడ్చింది.

మాయలు పోయిన దీర్ఘనఖుడు బొమ్మను ఒళ్లో పెట్టుకుని, "అమ్మాయీ, మరి ఎడమవైపు ఎలా ఉంటుంది?" అని దీనంగా అడిగాడు.

"నీకెలా ఉండాలనిపిస్తే అలా చెక్కుకో. ఇదిగో ఉలి," అని ఒకటి విసిరేసింది. వాడు ఈనాటికీ చెక్కుతూనే ఉన్నాడట. ఏది చెక్కినా వాడికే నచ్చడం లేదట. గుహలోని రత్నాలను మాత్రం పనివాళ్లు మూటలు కట్టుకున్నారు.

ఓబన్నకు ప్రాణం వచ్చింది గాని, వేళ్లు మాత్రం ఇంకా కొయ్యలాగే బిగుసుకుని ఉన్నాయి. పనివాడికి వేళ్లు వంగకపోతే బతికేం లాభం? చెంగల్వ దారి పొడవునా ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ నడిచింది. విరూపదుర్గం పొలిమేరలో మకరకేతు మహారాజు మేళతాళాలతో ఎదురొచ్చాడు. తొంభైతొమ్మిది మంది పనివాళ్లు తనకేసి చూస్తున్న చూపు చూసి, తొందరగా రాజముద్ర ఉంగరం తీసి చేయి చాచాడు.

"అమ్మా, అర్ధరాజ్యం నీది. ఇది పుచ్చుకో."

"కాసేపు ఆగండి. నా చేతులు ఖాళీ లేవు," అంది చెంగల్వ తలెత్తకుండానే.

మేళాలు ఆగిపోయాయి. రాజు ఎండలో చేయి చాచుకుని నిలబడ్డాడు. ఆమె రుద్దుతూనే ఉంది. చాలాసేపటికి ఓబన్న చూపుడువేలు మెల్లగా వంగి, చెల్లెలి బొటనవేలిని పట్టుకుంది. ఆ తరువాతే ఆమె ఉంగరం అందుకుంది.