కబుకీ నటుడి బుగ్గ మీద చుక్క

షికాగో పక్కన అరోరాలోని తన చిన్న డిటెక్టివ్ ఆఫీసులో భీమశంకర్ కాఫీ కప్పు ఇంకా నోటిదాకా తెచ్చాడో లేదో, ఒక అమ్మాయి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. కోటు గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుంది. ఎంత కంగారుగా బయల్దేరిందో అసిస్టెంటు రేణుకు అర్థమైపోయింది.

"నా పేరు శశికళ సార్. షికాగో మ్యూజియంలో పాత కాగితం బొమ్మలు రిపేర్ చేస్తాను. సోమవారం నా మీద పోలీస్ కంప్లయింట్ ఇస్తానంటున్నారు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. అంతా పోతుంది!"

డాక్టర్ ఉమామహేశ్వరరావు దగ్గర రెండొందల ఏళ్ళ నాటి జపాన్ బొమ్మ ఒకటుంది. రంగుకో చెక్కదిమ్మ చొప్పున చెక్కి కాగితం మీద అద్దింది. కబుకీ నాటకంలో కోపం తారస్థాయికి చేరిన నటుడు కనుగుడ్లు ముక్కు వైపు తిప్పి బిగుసుకుపోయిన క్షణం అందులో ఉంది. దాన్ని శుభ్రం చెయ్యమని డాక్టరు ఫ్రేముతో సహా శశికళకు పంపించాడు. ఆమె ఫ్రేము విప్పి భూతద్దం పెట్టి చూస్తే చెక్క నొక్కిన గుర్తే లేదు. అది ప్రెస్సులో వేసిన నకలు. వెంటనే ఫోన్ చేసి నిజం చెప్పింది, చెప్పినందుకు తనే అసలుది కాజేసిందని దొంగైంది. డాక్టరు ఆమె సూపర్‌వైజర్‌కి కూడా ఫోన్ చేసేశాడు.

భీమశంకర్ ఆమె తెచ్చిన నకలును కిటికీ దగ్గర పెట్టి చూశాడు. "బుగ్గ మీద ఈ నల్లచుక్క ఏమిటి?"

"అదే నాకూ తెలీదు సార్. ఇదే బొమ్మకి వేరే అచ్చులు మా మ్యూజియంలో ఉన్నాయి, వాటికి లేదు. ఇది పైన పెట్టింది కాదు, మిగతా రంగులతో పాటే ప్రెస్‌లో పడింది."

"డాక్టరు గారింటికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"ఒక్కసారి కూడా లేదు. బొమ్మని కృష్ణమోహన్ గారే డ్రైవ్ చేసి తెచ్చిచ్చారు. డాక్టర్‌గారి ఫ్రెండ్. ప్రింటింగ్ షాప్ ఉంది ఆయనకి."

రేణు ఎగిరి గంతేసింది. "దొరికాడు సార్!"

"షాపు ఉండటం నేరం కాదమ్మా," అన్నాడు భీమశంకర్. ఆయన అలా చప్పగా మాట్లాడాడంటే బుర్ర జోరుగా పనిచేస్తోందని రేణుకు తెలుసు. అందుకే ఆయనంటే ఆమెకు అంత ఇది.

మధ్యాహ్నం డాక్టరు గారింటి హాల్లో అందరూ చేరారు. కృష్ణమోహన్ సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "శనివారం తీసుకున్నా, సోమవారం ఆ అమ్మాయికి ఇచ్చా. ఫ్రేమ్ విప్పనే లేదు," అన్నాడు.

భీమశంకర్ ఫొటో ఆల్బం అడిగి తెప్పించుకుని నింపాదిగా తిరగేశాడు. కిందటి అక్టోబరులో జరిగిన డాక్టరు మనవడి బారసాల ఫొటోలవి. ఉయ్యాల వెనక గోడ మీద ఆ బొమ్మ ఉంది, దాని బుగ్గ మీద నల్లచుక్కా ఉంది!

"ఈ చుక్క సంగతి ఎవరికైనా తెలుసా?"

డాక్టరు తల్లి సీతమ్మ నవ్వింది. "నేనే పెట్టాను నాయనా. వచ్చినవాళ్ళంతా దాన్నే గుడ్లప్పగించి చూస్తిరి. పసివాడికి కాటుక పెట్టిన చేత్తోనే అద్దం మీద వాడికీ ఓ దిష్టిచుక్క పెట్టాను."

"మర్నాడు పొద్దున్నే నేను తుడిచేశానండీ," అంది డాక్టరు కోడలు జయంతి సిగ్గుపడుతూ.

భీమశంకర్ ఆల్బం మూశాడు. "ఆ చుక్క ఉన్నది అద్దం మీద, అదీ ఒక్క రాత్రి. అది నకల్లోకి దిగిందంటే, ఆ రాత్రి తీసిన ఫొటో నుంచే నకలు తయారైంది. ఈ ఇంటి గడప తొక్కని శశికళకు ఆ ఫొటో ఎలా వస్తుంది? ఆ రాత్రి కెమెరా ఎవరి చేతిలో ఉంది?"

"కృష్ణమోహన్ ఒక్కడే తీశాడు," అన్నాడు డాక్టరు మెల్లగా.

"చుక్క నటుడి వేషంలో భాగమనుకున్నారు కదూ, కృష్ణమోహన్ గారూ? శనివారం ఫ్రేము విప్పి అసలుది చూశాక తప్పు తెలిసే ఉంటుంది. అప్పటికే నకలు అచ్చైపోయింది. ఎలాగూ నింద ఈ అమ్మాయి మీదకే పోతుందని ధైర్యం చేశారు."

కృష్ణమోహన్ కాలు కిందికి దిగింది. "షాప్‌లో ఉంది, బీరువాలో," అన్నాడు నేల చూస్తూ.

డాక్టరు శశికళ వైపు తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తప్పైపోయిందమ్మా. అసలు బొమ్మ రాగానే నువ్వే శుభ్రం చెయ్యాలి."

"చేస్తాను అంకుల్," అంది శశికళ. కళ్ళు దించలేదు. "ముందు మా సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే, అందరి ముందూ."

డాక్టరు లేచి నంబరు తిప్పసాగాడు. అవతల రిసీవర్ ఎత్తేదాకా శశికళ కూర్చోలేదు.