చేపల్లేని ట్యాంకుకు అయిదు రొయ్యలు

"జర నాకి చూడు మేడం," అన్నాడు ఐలేష్, వాటర్ బాటిల్ మూత తీసి కౌంటర్ మీద పెడుతూ.

అక్వేరియం షాపు కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి బాటిల్ వంక చూసింది. తర్వాత ఐలేష్ వంక చూసింది. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో తేలక మళ్ళీ బాటిల్ వంకే చూసింది.

"ఏంది గిది?"

"సముద్రం. ఇంట్ల నేనే తయారు చేసిన."

ఒక అమ్మాయితో మొదటిసారి మాట్లాడటానికి తెలుగులో ఇన్ని మాటలుండగా, తన నోటికి ఇవే ఎందుకొచ్చాయో ఐలేష్‌కి ఇప్పటికీ తెలియదు.

అతని బాపు శివయ్య ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వల వేస్తాడు. అమ్మ మైసమ్మ చేపల మార్కెట్లో కూర్చుంటుంది. ఐలేష్ మాత్రం బొంగులూరు దగ్గర ఒక వెంచర్లో ప్లాట్లు అమ్ముతాడు. ఇంట్లో ఈత రానిది అతనొక్కడికే. చేపల మీద అతనికున్న అధికారమంతా గదిలో ఉన్న రెండడుగుల అక్వేరియం, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు.

మీర్‌పేట్‌లో ఒక కస్టమర్ ఇంట్లో నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపను చూసినప్పటి నుంచి అతనికి నిద్ర పట్టలేదు. అది ఉప్పునీళ్ళ చేప అని కస్టమర్ చెప్పాడు. ఉప్పే కదా! చేపలు ఎండబెట్టడానికి అమ్మ మూటలకు మూటలు కల్లుప్పు ఇంట్లోనే పెడుతుంది. గోల్డ్‌ఫిష్‌లను పెరట్లో నీళ్ళ తొట్టిలోకి మార్చి, ట్యాంకులో ఉప్పు పోసి, గరిటెతో కలిపి రుచి చూశాడు. కాలేజీ టూర్లో విశాఖపట్నం వెళ్ళినప్పుడు, మోకాళ్ళ లోతు సముద్రంలో మునిగి రెండు గుక్కలు మింగాడు. ఆ రుచే కొలత.

"ఎంత ఉప్పేసినవ్ అన్నా?" అడిగింది అమ్మాయి.

"రెండు కిలోలు. కల్లుప్పు."

"మామిడికాయ ముక్కలు గూడ ఏస్తివా?"

ఐలేష్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "మేం చేపలోళ్ళం మేడం. మాకే చేపల సంగతి చెప్తున్నవా?"

"మీరు చేపల్ని పట్టి అమ్మెటోళ్ళు. నేను బతికించెటిదాన్ని. గీ పని వేరే."

ఆమె పేరు మనోజ. షాపు వాళ్ళన్న రమాకాంత్‌ది. మంచినీళ్ళ చేపలు అన్న చూసుకుంటాడు. షాపు చివర నీలం లైటు కింద ఉన్న ఉప్పునీళ్ళ మూల మాత్రం మనోజది. ఇబ్రహీంపట్నంలో సముద్రపు చేపలు ఎవడు కొంటాడని అన్న అంటే, ఒక్కడైనా రాకపోతాడా అని పంతం పట్టి మరీ పెట్టించింది. ఆ ఒక్కడు ఇలా వచ్చాడు.

"మొత్తం నీళ్ళు పారబొయ్యి," అంది మనోజ. "పాత గులకరాళ్ళు తీసెయ్యి. పగడపు ఇసుక, రాళ్ళు నేనిస్త. నీళ్ళు ఫిల్టర్‌వి, బోరువి గాదు. ఉప్పు గీ ప్యాకెట్‌ది, వంటింట్లది గాదు. కొలిచెటందుకు మీటరున్నది, నాలుక గాదు."

"మరి చేప ఎప్పుడిస్తవ్?"

"నెల దాటినంక."

"నెల రోజులు ఉత్త నీళ్ళు చూస్కుంట కూసోవాల్నా?"

"ఉత్త నీళ్ళు గాదు. ఒక పచ్చి రొయ్య ఎయ్యి. అది కుళ్ళితే అమోనియా పుడ్తది. దాన్ని తినే బ్యాక్టీరియా మెల్లగ పెరుగుతది. అది పెరగకముందే చేపనేస్తే సచ్చిపోతది. వారం వారం నీళ్ళు పట్టుకరా, టెస్ట్ చేస్త. ఆకుపచ్చ రంగొస్తే అమోనియా ఉన్నట్టు. పసుపు రంగొస్తే లేనట్టు. వరుసగ రెండు వారాలు పసుపొస్తే చేప ఇస్త అన్నా."

ఆ చివరి 'అన్నా' ఒక్కటి లేకపోతే ఎంత బాగుండేదో అనుకుంటూ ఐలేష్ ఇంటికి వెళ్ళాడు.

రొయ్య కోసం వెతుక్కోవలసిన పని లేదు. మార్కెట్లో అమ్మ పక్కనే కూర్చునే ప్రేమమ్మ, ధాబాల వాళ్ళ కోసం తెప్పించిన పెద్ద రొయ్యలను మైసమ్మ ఇంట్లో ఐసు డబ్బాలోనే పెడుతుంది. ఒకటి తీసి ట్యాంకులో వేశాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం బాటిల్ పట్టుకుని షాపుకి పోయాడు. మనోజ చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్కలు వేసి, లైటుకి ఎత్తి పట్టి చూసేది. ఆమె గొట్టాన్ని చూస్తే ఐలేష్ ఆమెను చూసేవాడు. ఇద్దరిలో ఎవరి పరీక్ష కష్టమో చెప్పలేం.

"ఆకుపచ్చ. ఇంకో వారం."

"ఫికర్ లేదు. పదివారాలైనా నేను తయ్యార్."

"నీకు ప్లాట్లు అమ్మే పని లేదా?"

"ఉన్నది. నేను పోకుంటెనే ఎక్కువ అమ్ముడు పోతున్నయని మా మేనేజర్ అంటున్నడు."

ఆమె నవ్వింది. మూడో శనివారం తాను తెప్పించుకున్న చాయ్‌లో సగం అతనికి పోసింది. నాలుగో శనివారం ఎప్పుడో 'అన్నా' అనడం మానేసింది. ఆ సంగతి ఐలేష్ ఇంటికి పోయే దారిలో గుర్తు చేసుకుని, బండి పక్కకు ఆపి, ఒక్కడే నవ్వుకున్నాడు. గేదెలు తోలుకుపోతున్న ముసలాయన అతణ్ణి జాలిగా చూసి తప్పుకుని పోయాడు.

అయిదో శనివారం గొట్టంలో నీళ్ళు అచ్చమైన పసుపు రంగుకొచ్చాయి.

"పసుపు!" మనోజ సంబరంగా చేతులు చరిచింది. "వచ్చే వారం గూడ గిట్లనే వస్తే, చేపను తీస్కపో. ఇగ నీకు నాతోటి పనే ఉండదు."

ఐలేష్ నవ్వబోయి ఆగాడు. చేప వస్తుంది. మనోజ పోతుంది. నారింజ రంగు చేప ఎంత అందంగా ఉన్నా చాయ్ సగం పోస్తుందా? 'నీకు ప్లాట్లు అమ్మే పని లేదా?' అని అడుగుతుందా?

ఆ రాత్రే ఐసు డబ్బా లోంచి ఇంకో రొయ్య తీసి ట్యాంకులో రాయి వెనక దాచాడు. శనివారానికి రంగు ఆకుపచ్చకు తిరిగింది. మర్నాడు ఇంకోటి వేశాడు. ఎక్కడ తగ్గుతుందోనని వారం మధ్యలో మరోటి, చివరికి అయిదోది కూడా వేశాడు. గదిలో వాసనకి శివయ్య ముక్కు మూసుకుని, "ఏమిరా, చెరువు మొత్తం చేపలు పడ్తున్న నాకే గింత కంపు లేదు," అన్నాడు.

కానీ మనోజ మొహంలో నవ్వు పోయింది. పసుపుకొచ్చిన నీళ్ళు మళ్ళీ ఎందుకు పాడవుతున్నాయో ఆమెకు అంతు పట్టలేదు. చుక్కల మందు పాతదైందేమోనని కొత్తది తెప్పించింది. తానిచ్చిన ఇసుకే మంచిది కాదేమోనని పుస్తకాలు తిరగేసింది. "నీ మొదటి గిరాకి ట్యాంకే కుదుర్తలేదు, గీ మూలల దుకాణం బంద్ చేద్దాం," అన్నాడు రమాకాంత్.

అది వినగానే ఐలేష్‌కి అక్కడికక్కడే నిజం చెప్పెయ్యాలనిపించింది. నోరు తెరిచాడు కూడా. "బయట మస్తు ఎండున్నది," అని మూసేశాడు.

మరునాడు మనోజ స్వయంగా ఇంటికొచ్చింది, ట్యాంకు చూసి పోతానని. గుమ్మంలోనే మైసమ్మ ఆమెను కూర్చోబెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏం చెప్పాలె బిడ్డా! ఇరవై ఏండ్ల సంది నా పక్కన కూసున్న ప్రేమమ్మ నాతోటి మాట్లాడుత లేదు. మా ఇంట్ల పెట్టిన రొయ్యలు తక్కువైతున్నయట. నేను తిన్ననట! నలుగురిల అనేసరికి సచ్చినంత పనైంది. గిప్పుడు ఆమె మార్కెట్ల ఆ కొసకు పోయి కూసుంటున్నది."

మనోజ చప్పున లేచింది. గదిలోకి పోయి ట్యాంకులో చెయ్యి పెట్టి రాయి జరిపింది. దాని వెనక మూడు రొయ్య తలకాయలు, తోకలు బయటపడ్డాయి.

"ఎందుకేసినవ్?"

ఐలేష్ నేల చూశాడు. "నీళ్ళు మంచిగైతే నిన్ను చూసుడు ఉండదని."

ఎన్ని రాత్రులు ఎన్ని రకాలుగా అనుకున్న మాటో! తీరా అన్నప్పుడు చుట్టూ కుళ్ళిన రొయ్యల వాసన.

"నాకు పనే రాదేమో అని రెండు వారాల సంది నిద్ర లేదు నాకు," అంది మనోజ. "మీ అమ్మనేమో దొంగను చేస్తివి. నాకు సారీ చెప్పకు. పోయి గా ప్రేమమ్మకు చెప్పు, నలుగురిల అన్నది గాబట్టి నలుగురిలనే చెప్పు. అప్పటిదాంక షాపుకు రాకు, ఐలేష్ అన్నా."

మళ్ళీ 'అన్నా'! చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

ఎప్పుడు చెప్పాలా అని రెండు రోజులు ధైర్యం కూడగట్టుకునేసరికి మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. నలుగురు కాదు, మార్కెట్లో నాలుగు వందల మంది ఉన్నారు. తెల్లారి నుంచి చినుకులు. ఐలేష్ ఆ జనంలో తోసుకుంటూ పోయి అమ్మ చెయ్యి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు లాక్కెళ్ళి, ప్రేమమ్మ ముందర నిలబడ్డాడు.

"అత్తా, నీ రొయ్యలు మా అమ్మ తినలే. నేను తీసిన."

కత్తిపీటల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. ప్రేమమ్మ తలెత్తింది.

"తిన్నవా?"

"తినలే. ట్యాంకుల ఏసిన."

"చేపలకా?"

"చేపల్లేవు."

"చేపల్లేని ట్యాంకుకు అయిదు రొయ్యలెందుకురా?"

"నీళ్ళు ఖరాబు గావాలెనని."

"నీళ్ళెందుకు ఖరాబు చేసినవ్?"

తప్పించుకునే దారి లేదు. ప్లాట్లమ్మేటప్పుడు ఎన్ని రోడ్లు చూపించాడో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీళ్ళు మంచిగైతే, టెస్ట్ చేసే మనోజ కాడికి పోవుడు బందైతది. నాకు ఆమంటే మస్తు ఇష్టం అత్తా. చెప్పే ధైర్యం లేక రొయ్యలేసిన."

ప్రేమమ్మ చేతిలో చేపను కింద పెట్టింది. తర్వాత మార్కెట్ మార్కెట్టంతా పగలబడి నవ్వింది. ప్రేమమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. లేచి మైసమ్మ రెండు చేతులూ పట్టుకుని, "తప్పైంది వదినె, నోరు జారిన," అంది. మైసమ్మ ముందు కొడుకు వీపు మీద ఒకటి చరిచి, తర్వాత ప్రేమమ్మను వాటేసుకుంది.

"నేను దొంగనైనందుకు గాదురా," అంది కొడుకుతో, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "గింత పిరికోన్ని కన్ననని సిగ్గైతున్నది. మొన్న ఇంటికొచ్చిన పిల్లేనా?"

జనంలో ఎవరో పక్కకు జరిగారు. వెనక చేపల సంచి పట్టుకుని, సగం తడిసి, మనోజ నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలుసుకోవడానికి ఐలేష్ దగ్గర ఏ చుక్కల మందూ లేదు.

ఆమె దగ్గరికొచ్చింది.

"రేపటి సంది నీళ్ళ బాటిల్ తేకు."

ఐలేష్ తల వేలాడేశాడు. "సరే."

"ఉత్తగ రా."

అతను తలెత్తాడు. ఆమె పెదవులు నవ్వుని ఆపలేక ఆపలేక వణుకుతున్నాయి.

"మీ అన్న అడిగితే? ఎందుకొచ్చినవంటే ఏం చెప్పాలె?"

"గింత మందిల చెప్పినవ్ గద ఐలేష్," అంది మనోజ. "ఆడ ఒక్కనికి చెప్పలేవా?"