నాలుగో పేరు

పడవ సముద్రంలో ఉన్నంతసేపూ ఒడ్డున ఒక ఆడమనిషి అందులోవాళ్ళ పేర్లు అనుకుంటూ ఉండాలి. పూండి దిగువన ఆ పల్లెలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చేపలు ఆరబెట్టుకున్నా, పిల్లకు జడ వేసినా పెదాలు మాత్రం ఆగకూడదు. ముప్పయ్యేళ్ళుగా ఆ పని జోగమ్మది. ఆ రోజు డయాలసిస్‌కి పలాస వెళ్తూ కోడలు రాణికి అప్పగించింది.

"పోలారావు, ఢిల్లీరావు, వైకుంఠరావు, ధనుంజయ్. నాలుగూ సెప్పాల. మొగుడి పేరని మింగీకు," అంది ఆటో ఎక్కుతూ.

"సిగ్గేత్తాదత్తా."

"సిగ్గు తరవాత పడుదువుగాని. ముందు ఆడ్ని రానీ."

రాణి ఇసకలో కవ్వళ్ళ చేపలు ఆరబెడుతూ మొదలుపెట్టింది. పోలారావు, ఢిల్లీరావు, వైకుంఠరావు... నాలుగోచోట ఆగి, లోపల నవ్వుకునేది. ధనుంజయ్ అన్న మాట నోటిదాకా వచ్చి నిలిచిపోయేది.

అటుగా వచ్చిన కూర్మనాథం మాస్టారు ఆ పేర్లు చెవిన పడి ఆగారు.

"మంచి పద్ధతమ్మా. మనసుకు అరచేతంతే చోటు. నాలుగు గవ్వలు పడితే గొప్ప. ఇంకోటి పెడితే ఒకటి జారిపోతుంది. పదేపదే అన్నదే లోపలిగదిలోకి పోయి కూర్చుంటుంది. అక్కడికి చేరాక అది ఇవాళ్టిదో, నీ చిన్ననాటిదో నీకే తెలీదు."

"బడి సెలవైనా పాఠం మానరు గదా మాస్టారూ!"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి రావలసిన పడవ రాలేదు. మబ్బు కమ్మి వెలుగు బూడిదరంగుకు తిరిగింది. గాలి పడిపోయింది. ఎప్పుడూ హోరుమనే సరుగుడు తోట ఊపిరి బిగబట్టినట్టు నిలబడింది. ఎక్కడినుంచో కుళ్ళిన నాచు వాసన.

పోలారావు, ఢిల్లీరావు, వైకుంఠరావు...

"...గున్నయ్య."

చెవి పక్కనే. తిరిగి చూసింది. ఎవరూ లేరు.

మళ్ళీ మొదటినుంచి అనుకుంది. ఖాళీ రాగానే మళ్ళీ అదే గుసగుస. పదిసార్లు. ఇరవైసార్లు. భయంతో ఇంకా గబగబా అంది. ఎప్పుడు మొదలైందో తెలీదు... ఆ పేరు తన నోరే అంటోంది.

నాలుక కరుచుకుంది. మొగుడి పేరు గట్టిగా అరుద్దామనుకుంది. ఇప్పుడు సిగ్గు లేదు. నోరు తెరిచింది.

రాలేదు.

పెళ్ళిపందిరి గుర్తుచేసుకుంది. జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతికి మణికట్టుదాకా నాచు...

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. నలుగురు దిగారు. ముగ్గురు తల ఎత్తకుండా ఇళ్ళకు పోయారు. నాలుగోవాడు ఆమె ముందు నిలబడ్డాడు. ఒంటినుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఏటే రాణీ, అలా సూత్తన్నావు? ఆకలేత్తంది."

కొత్త మొహం. అలా అనుకునేలోపే పాతదైపోయింది. మేనత్త కొడుకు. చిన్నప్పుడు జీడితోటలో తనను భుజాన ఎక్కించుకు తిరిగినవాడు. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నవాడు. ఒకదాని వెనక ఒకటి అన్నీ గుర్తొచ్చాయి.

"రా, గున్నయ్య బావా," అంది.

ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే సముద్రం వైపునుంచి ఎవరో పిలిచారు. "రాణీ... రాణీ..."

గరిటె ఆగిపోయింది. ఆ గొంతు వినగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తెలీలేదు.

"ఎవురు బావా?"

"ఎవురూ కాదు. నువ్వూ తిను."

లేచి వెళ్ళి తలుపు మూశాడు. ఆ గడియ వంకరది. పైకెత్తి, ఎడమకు నొక్కి తిప్పితేనే పడుతుంది. ఆ కిటుకు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు. అతను రాణి వైపే చూస్తూ, వెనక్కి చెయ్యి చాపి, ఒక్కసారికే వేశాడు.