జిగురు విరిగే వేడి

పాలివాల్ శవాన్ని జిగురు పీపాలోంచి లాగడానికి మిల్లు కూలీలంతా కలిసి చెయ్యేయాల్సి వచ్చింది.

గోరుచిక్కుడు గింజల పొడి గుప్పెడు వేస్తే బిందెడు నీళ్లు జావలా చిక్కబడతాయి. ఎవరో అతని తలను ఆ జావలో ముంచి, ఊపిరి ఆగేదాకా తొక్కిపెట్టారు. పాపిష్టి చావు! పాలివాల్ పేరుకి ఆ గింజలాడే జోధ్‌పూర్ గవార్ మిల్లులో కెమిస్టు, నిజానికి సీక్రెట్ సర్వీస్ మనిషి.

"పొడిలో ఎంజైమ్ కలిపారు" అన్నాడు కర్నల్ చాంపావత్, మిర్చీవడ కొట్టు వెనక గదిలో. "చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. చమురు బావి అడుగున వేడి తగిలిందా, జిగురు విరిగి నీళ్లయిపోతుంది. డ్రిల్లింగ్ బురదలో బరువు కోసం వేసే పొడిని పట్టి ఉంచేది ఆ జిగురే. ఆ బరువు దిగిపోతే గ్యాస్‌ని అణచేదేమీ ఉండదు."

"పేలుతుంది" అన్నాడు ఏజెంట్ శక్తిదాన్.

"రిగ్గంతా. అక్కడ ఎవరున్నారో నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. బాడ్‌మేర్ ఇసుకలోని ఆ రిగ్గు మీద బురద కలిపేవాడు శక్తిదాన్ బావమరిది చండీదానే.

"లారీలన్నీ ఆపేయండి!"

"బావి సగంలో ఉందయ్యా. ఇవాళ జిగురు అందకపోయినా పేలుతుంది. కల్తీ లారీ ఒక్కటే, అదేదో తెలియదు. దీంతో కనిపెట్టొచ్చు" అంటూ ఓ ఫ్లాస్కు ఇచ్చాడు కర్నల్. బావి అడుగు వేడిని పుట్టించే ఫ్లాస్కు అది. "కానీ ఒక్కో లారీకి గంట పడుతుంది. అంత టైం లేదు. యామినిని అడుగు."

యామినీ సింఘ్వీ గవార్ ఎగుమతి బ్రోకర్. ఈ కల్తీ చేయించిన విదేశీ ముఠాకి కుడిభుజం, సర్వీస్‌కి కళ్లూ చెవులూ. ఆమె నవ్వితే బేరం మర్చిపోయే సేఠ్‌లు ఊళ్లో కొల్లలు.

హోటల్ తోటలో ముఠా నాయకుడు విక్టర్ పక్కన కూర్చుని ఉందామె. వెయిటర్ వేషంలో ట్రే పట్టుకుని వెళ్లాడు శక్తిదాన్.

"టీలో యాలకులు వెయ్యనా, బాయీసా?"

కోడ్ అది. 'వద్దు, కడుపు మండుతుంది' అంటే మనిషి ఇంకా మనవైపే ఉన్నట్టు.

యామిని తలెత్తలేదు. "వెయ్యి. దండిగా వెయ్యి" అంది. విక్టర్ అతణ్ణి పైకీ కిందికీ చూసి, మళ్లీ పేపర్లో తలదూర్చాడు.

శక్తిదాన్‌కి ఒళ్లు మండిపోయింది. బయటికి రాగానే కర్నల్‌కి ఫోన్ చేశాడు. "అమ్ముడుపోయింది. ఆమెకి పెట్టిన కాపలా తీసేయండి. ఆ మనుషుల్ని ఇటు పంపండి."

మిట్టమధ్యాహ్నం శక్తిదాన్ బాడ్‌మేర్ రోడ్డు మీద పోలీసు యూనిఫాంలో లారీలు ఆపుతున్నాడు. ఒక లారీ అద్దానికి బిష్ణోయిల గురువు జాంభోజీ పటం ఉంది.

"రామ్ రామ్ సా. ఊరేది?"

"ఖేజడ్లీ, హుకుం. బిష్ణోయిలం. జింకని కొట్టం, పచ్చని చెట్టు నరకం. మాకెందుకు ఈ తనిఖీలు?"

"బాబ్బాబు, నీతో వాదన పెట్టుకోలేను. పద పద!"

లారీ కదిలింది. దుమ్ములో డ్రైవర్ నీలం తలపాగా దూరమైపోయింది. శక్తిదాన్ తర్వాతి లారీ వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నీలమా? ప్రాణం పోయినా బిష్ణోయి నీలం కట్టడు. పాలు తాగే పిల్లాడికైనా తొడగరు!

జీపు ఎంత తొక్కినా లారీయే ముందు చేరింది. శక్తిదాన్ రిగ్గులోకి దూసుకెళ్లేసరికి చండీదాన్ మొదటి బస్తాను బురద తొట్టి అంచుకి ఆనించి, కుట్టులో కత్తి పెట్టాడు.

"చండీ! ఆపరా!"

"ఏంటి బావా ఈ వేషం? పోలీసుల్లో చేరావా? మా అక్కకి తెలుసా?"

"ముందా కత్తి కింద పడెయ్!"

లారీ డ్రైవర్ తన సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. శక్తిదాన్ తుపాకీ ముందు పేలింది. భుజం పట్టుకుని వాడు ఇసుకలో కూలబడ్డాడు.

ఫ్లాస్కులో పొడి ముందు బాగా చిక్కబడింది. వేడెక్కాక మూత తీసి వంచితే, ఉత్త నీళ్లలా కారిపోయింది. అది చూసి చండీదాన్ ఆ బస్తాని కాలితో తొట్టికి దూరంగా తోసేశాడు. మంచి సరుకున్న లారీలు వెనకే వచ్చాయి. బావి నిలిచింది.

"నీకీ తలపాగా కట్టిందెవర్రా?"

"మేడమ్" మూలిగాడు డ్రైవర్. "విక్టర్ సార్ తెల్లది చాలన్నారు. నీలమే అసలైన బిష్ణోయి రంగని ఆవిడే పట్టుబట్టి కట్టింది."

శక్తిదాన్ కర్నల్‌కి ఫోన్ కలిపాడు.

"యామినికి కాపలా పెట్టండి. ఇప్పుడే!"



"మిల్లులోనే ఉన్నాను" అన్నాడు కర్నల్. "అదే పీపా. విక్టర్‌కి ఆ రంగు సంగతి ఎవరో చెప్పారు. విక్టర్ దొరికాడు, అంతా కక్కాడు. చచ్చేముందు పాలివాల్ చేత మన కోడ్ చెప్పించారట. హోటల్లో ఆమె సరిగ్గా జవాబిచ్చుంటే ఇద్దర్నీ అక్కడే కాల్చేసేవాళ్లు."

ఫోన్ పెట్టేసి శక్తిదాన్ ఇసుకలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకో తెలియకపోయినా చండీదాన్ పక్కనే కూర్చుని వీపు నిమిరాడు.

రిగ్గు వంటవాడు కెటిల్‌తో వచ్చాడు. "దొరవారు అలిసిపోయారు. టీలో యాలకులు వెయ్యనా, హుకుం?"

"వద్దు" అన్నాడు శక్తిదాన్. "కడుపు మండుతుంది."