గొరగకూడని తల

“ప్రొఫెసర్ దెల్ఫినోకి స్పృహ వస్తే తనను కొట్టిందెవరో చెబుతాడు. అప్పటిదాకా ఆయన బతికుండాలి. అంతే నీ మిషన్,” అంది చీఫ్ దోనా జులేయికా ఫోన్‌లో. “కోడ్ గుర్తుందా?”

“‘కాఫీలో చక్కెరెంత?’ అంటే ‘చీమలకు సరిపడా’.”

ఏజెంట్ అఫ్రానియో వార్డుబాయ్ వేషంలో మంచం పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి సావోకార్లోస్ నగరపు ఎండ మండిపోతోంది. ప్రొఫెసర్ ఒత్తయిన తెల్లజుట్టు మీద ఆయనే కనిపెట్టిన బ్యాండ్ ఉంది. పుర్రెకు రంధ్రం పెట్టకుండా లోపలి ప్రెషర్‌ను బయటినుంచే పట్టేస్తుందది. దానికోసమే ఓ విదేశీ ముఠా మనుషులెవరో ఆయన తల పగలగొట్టారు. స్క్రీన్ మీద గుండె కొట్టుకున్నప్పుడల్లా రెండు శిఖరాలు లేస్తున్నాయి. రెండోది మొదటిదాన్ని మించితే ప్రమాదం. పొద్దుటినుంచి రెండోది దిగుతోంది.

“మధ్యాహ్నానికి కళ్ళు తెరుస్తాడేమో,” అని చెప్పి వెళ్ళాడు డాక్టర్.

తలుపు తెరుచుకుంది. నర్సు వేషంలో జురెమా! ఆ తెల్ల యూనిఫారంలో కూడా చూపు తిప్పుకోనివ్వదు. తొమ్మిదేళ్ళుగా అతని పార్ట్‌నర్. ఆరు నెలలుగా ప్రొఫెసర్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉంటూ, వారం వారం రిపోర్టులు పంపుతున్న మనిషి.

“కాఫీలో చక్కెరెంత?”

“చీమలకు సరిపడా. ఏంటోయ్, ముఖం అలా వేలాడేశావ్? పో, వేడివేడిగా చీజ్ బన్ను తినిరా. పది నిమిషాలు నేను చూస్తాలే.”

“చేతిలో ఆ రేజరేంటి?”

“సెన్సర్ అతకట్లేదట. జుట్టు గొరగమన్నారు.”

అఫ్రానియో తలూపి తలుపుదాకా వెళ్ళాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. జుట్టు గొరగనక్కర్లేదన్నదే కదా ఆ బ్యాండ్ గొప్ప! ల్యాబ్‌లో ఊడ్చేవాడిక్కూడా తెలుసామాట. మరి ఆరు నెలలూ ఈమె ఎక్కడుంది? ఆ రిపోర్టులన్నీ ఎవరి బల్ల దగ్గర కూర్చుని రాసింది?

వెనక్కి తిరిగాడు. ఆమె పెన్నులోంచి బయటికొచ్చిన సూది సెలైన్ గొట్టాన్ని తాకబోతోంది.

ఒక్క దూకు! మణికట్టు మెలిపెట్టాడు. పెన్ను నేలమీద దొర్లింది.

“రెసీఫే మిషన్‌లో నీకోసం తూటా తిన్నాను కదే!” అన్నాడు ఆమె చెయ్యి వదలకుండానే.

“నేనేమన్నా తినమన్నానా?” అంది జురెమా తాపీగా.

తూటా దిగినప్పుడు కూడా అంత నొప్పెట్టలేదు అఫ్రానియోకి. మంచం మీద ప్రొఫెసర్ మెల్లగా కళ్ళు తెరిచాడు. జురెమాని చూడగానే వేలెత్తి చూపించాడు.

సాయంత్రం చీఫ్ మళ్ళీ ఫోన్ చేసింది. “శభాష్! కొత్త పార్ట్‌నర్‌గా ఎవర్ని పంపమంటావ్?”

“ఎవరైనా సరే అమ్మగారూ. చూడగానే నాకు ఒళ్ళు మండే మనిషైతే మంచిది.”