కానుక కుండ

చెరుకుపల్లిలో కృపమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి కానుక కుండలో వేసేది. ఆదివారం ప్రార్థనకెళ్తూ అవి గుడికి పట్టుకెళ్లేది. పేటలో ఆడవాళ్లందరూ చేసే పనే. మొగుడు యోబు మాత్రం "నీది పిట్ట గుప్పెడే" అని వెక్కిరించి, తన పెద్ద కుడిచేత్తో ఇంకో గుప్పెడు వేసేవాడు.

ఎనభై ఆరులో రేపల్లె దగ్గర బియ్యం మిల్లులో బెల్టు ఆ చేతినే లాక్కుంది. మనిషి దక్కలేదు. మోచేతి కింది భాగం ఎంత వెతికినా దొరక్క, అలాగే పూడ్చారు. పదోనాడు మిల్లు యజమాని వెంకటరత్నం ఐదువేలు తెచ్చి, ఒక కాగితం మీద కృపమ్మ వేలిముద్ర వేయించుకున్నాడు. యోబు తాగి పడ్డాడని అందులో రాశారు. చుక్క ముట్టని మనిషి! కానీ కూతురు కరుణని బాపట్ల హాస్టల్లో చేర్పించాలి. పిచ్చితల్లి, ఏం చేస్తుంది? వేసింది.

ఆ డబ్బుతోనే బస్తా బియ్యం కొంది. అలవాటుకొద్దీ అందులోంచీ గుప్పెడు తీసి కుండలో వేసింది.

ఆ శనివారం దీపాలు పెట్టే వేళ కరెంటు పోయింది. ఇంట్లో తవుడు వాసన. మిల్లు నుంచి వచ్చాక యోబు చొక్కాకి ఉండే వాసన. కుండలో సర్... సర్... మంది. ఎలుకనుకుంది. లాంతరు వెలిగించి చూస్తే, తను వేసిన బియ్యం నేలమీద కుప్పగా ఉన్నాయి. ఎత్తి మళ్లీ వేసింది. అటు తిరిగింది.

సర్...

మళ్లీ నేలమీదే.

పోయిన ఆదివారం గుళ్లో పాస్టరు అయ్యగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. ప్రాణానికి వెలగా పుచ్చుకున్న సొమ్మే రక్తక్రయధనమని, దాన్ని దేవుడికి కానుకగా ఇవ్వకూడదని. కృపమ్మ కుండ ముందు చేతులు జోడించింది.

"పిల్ల కోసం తీసుకున్నానయ్యా..."

వాసన దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి...

"నువ్వు తాగలేదని రేపు గుళ్లో అందరి ముందూ చెబుతా. వాళ్ల డబ్బు వాళ్లకిచ్చేస్తా."

వాసన పోయింది.

అన్నట్టే చేసింది. మిగిలిన డబ్బూ, బియ్యం బస్తా కూడా మిల్లు గుమ్మంలో దించి వచ్చింది. కరుణని హాస్టల్లో చేర్చే మాట ఇక ఎత్తలేదు. నాట్లకెళ్లిన కూలితో శేరు బియ్యం తెచ్చి, ఏడుస్తూ గుప్పెడు కుండలో వేసింది. ఈసారి అవి కదల్లేదు.

తెల్లారి మూత తీసింది. బియ్యం రెట్టింపయ్యాయి. పైన వేళ్ల గుర్తులు, పెద్దవి.

చాప మీంచి లేచిన కరుణ తల తడుముకుంటూ అడిగింది.

"అమ్మా, రాత్రి నాన్న నా తల నిమిరాడు. చెయ్యొక్కటే వచ్చిందేంటమ్మా?"